ముందు పీరియడ్లు లెక్కపెట్టండి

బెంగళూరులోని క్రైస్తవ ఉన్నత పాఠశాలల కరస్పాండెంట్లకు, ప్రిన్సిపాళ్లకు, మేనేజ్‌మెంట్ కమిటీ సభ్యులకు వందనాలు.

ఈ ఊళ్లో హైస్కూలు తరగతులకు లెక్కలు, సైన్సు, చరిత్ర, భాషలు చెబుతున్నవాళ్లం, చెప్పి రిటైరైనవాళ్లం, తెలుగువాళ్లం కొందరం కలిసి ఈ ఉత్తరం రాస్తున్నాం. ఏ ఒక్క బడినీ మనసులో పెట్టుకుని రాసింది కాదు. జూన్‌లో బడి తెరిచేనాటికి టైంటేబుల్ గోడకెక్కి ఉంటుంది, ఆ తర్వాత దాన్ని కదిలించడం ఎవరి తరమూ కాదు. అందుకే వేసవి సెలవులకు ముందే రాస్తున్నాం.

ప్రాస్పెక్టస్‌లో రాసే చదువు వేరు, పిల్లలకు అందే చదువు వేరు. అందే చదువేమిటో తెలియాలంటే స్టాఫ్‌రూం గోడ మీది టైంటేబుల్ చూడాలి. దాని పక్కన రోజూ పొద్దున్నే వైస్ ప్రిన్సిపాల్ గారు అంటించే సబ్‌స్టిట్యూషన్ చీటీ (రాని టీచరు పీరియడ్ ఎవరు తీసుకోవాలో చెప్పే కాగితం) చూస్తే ఇంకా బాగా తెలుస్తుంది. ఏడాది పొడుగునా ఆ చీటీలు దాచి, చివర్లో ఒక్కసారి లెక్కవేయండి. పోయే పీరియడ్లు ఎప్పుడూ అవే: స్క్రిప్చర్ (బైబిల్ పాఠం) లేదా మోరల్ సైన్స్, ల్యాబ్, లైబ్రరీ, మూడో భాష. తీసుకునేవీ ఎప్పుడూ అవే: లెక్కలు, ఫిజిక్స్. క్రైస్తవ బడి అన్న పేరు ఏ పీరియడ్ మీద నిలబడిందో, మొదట చేయి పడేది ఆ పీరియడ్ మీదే.

ఐసీఎస్‌ఈ బడిలో 9వ తరగతిని ఉదాహరణగా తీసుకుందాం. సోమవారం నుంచి శుక్రవారం దాకా రోజుకు 8 పీరియడ్లు, శనివారం 4, వెరసి వారానికి 44. ఒక్కొక్కటి 40 నిమిషాలు. ఇంగ్లిష్ 7, లెక్కలు 7, రెండో భాష 5, ఫిజిక్స్, కెమిస్ట్రీ, బయాలజీ మూడేసి, చరిత్ర-పౌరశాస్త్రం 3, భూగోళం 3, కంప్యూటర్ 3, ఆటలు 2, స్క్రిప్చర్ లేదా మోరల్ సైన్స్ 2, లైబ్రరీ 1, సంగీతం-చిత్రలేఖనం 2. ఒకటీ అరా తేడాతో మీ బడిలోనూ ఇంతే ఉంటుంది.

ఇప్పుడు రోజులు. విద్యాహక్కు చట్టం 6 నుంచి 8 తరగతులకు 220 పనిరోజులు, 1000 బోధన గంటలు అంటుంది. ఆ చట్టం మైనారిటీ బడులకు వర్తిస్తుందా లేదా అన్నది కోర్టుల సంగతి. లెక్కకు మాత్రం ఆ 220నే తీసుకుందాం. రెండు యూనిట్ టెస్టులు, అర్ధ సంవత్సర పరీక్ష, వార్షిక పరీక్ష కలిపి 30 రోజులు తినేస్తాయి. స్పోర్ట్స్ డే, యాన్యువల్ డే, క్రిస్మస్ కార్యక్రమం, వాటి రిహార్సళ్లు మరో 10. మిగిలేది 180 రోజులు, అంటే వారానికి ఆరు రోజుల చొప్పున 30 వారాలు. వారానికి మూడు పీరియడ్లున్న ఫిజిక్స్‌కు దక్కేది ఏడాదికి 90 పీరియడ్లు, 60 గంటలు.

ఇక అసెంబ్లీ. రోజూ 25 నిమిషాలు అనుకుంటే 180 రోజులకు 75 గంటలు. అంటే మీ బడిలో ఒక విద్యార్థి ఫిజిక్స్ పాఠం వినే సమయం కంటే అసెంబ్లీలో నిలబడే సమయమే ఎక్కువ. దాన్ని తగ్గించమని అడగడం లేదు. అంత పెద్ద పద్దుకు ప్రణాళిక లేకపోవడం ఏమిటన్నదే మా ప్రశ్న. ప్రార్థన, బైబిల్ వాక్యం, వార్తలు, ఆనాటి సూక్తి, పుట్టినరోజులు, యూనిఫాం తనిఖీ అన్నీ అందులోనే. వాక్యం చదివే పిల్లలు ఎప్పుడూ ఆ పదిమందే, బాగా చదవగలిగినవాళ్లు. తరగతుల వారీగా వంతులు వేసి, వారం ముందే భాగం ఇచ్చి, ఇంగ్లిష్ టీచరు ముందు రెండుసార్లు చదివించి పంపితే, మాట తడబడే పిల్లకు కూడా ఏడాదిలో ఒకసారైనా వేయిమంది ముందు గొంతు విప్పే అవకాశం వస్తుంది. దీనికి పైసా ఖర్చు లేదు, టైంటేబుల్‌లో గీత మారదు.

ల్యాబ్ దగ్గర కొంచెం ఎక్కువసేపు ఆగాలి. ఐసీఎస్‌ఈలో ఫిజిక్స్, కెమిస్ట్రీ, బయాలజీ మూడింటికీ రాత పరీక్షకు 80, బడిలో వేసే ఇంటర్నల్‌కు 20. ఆ 20 ప్రాక్టికల్ పనికి. ఆచరణలో ఏం జరుగుతుందో అందరికీ తెలుసు. ఏడాదంతా ల్యాబ్ తలుపుకు తాళం, జనవరిలో రికార్డులు ఒకరిది చూసి ఒకరు ఎక్కించడం, అందరికీ 18, 19 మార్కులు. టీచర్లు బద్ధకస్తులై ఇలా జరగడం లేదు. 40 నిమిషాల పీరియడ్‌లో తరగతి గది నుంచి ల్యాబ్‌కు నడక 5 నిమిషాలు, సామాన్లు పంచడం 5, చివర్లో కడిగి సర్దడం 5. మిగిలిన 25 నిమిషాల్లో 45 మంది పిల్లలు 12 జతల స్టాండ్ల చుట్టూ గుమిగూడితే, ముందు వరుసలో ఉన్న ముగ్గురు చేస్తారు, మిగతావాళ్లు చూస్తారు, వెనకవాళ్లు అదీ చూడరు.

కెమిస్ట్రీలో లవణాల గుర్తింపు తీసుకోండి. లవణ ద్రావణం 2 మిల్లీలీటర్లు తీసుకుని సోడియం హైడ్రాక్సైడ్ చుక్కచుక్కగా వేయాలి. రాగికి లేత నీలం అవక్షేపం, ఫెర్రస్‌కు మాసిన ఆకుపచ్చ, ఫెర్రిక్‌కు ఎర్రగోధుమ రంగు వస్తాయి. జింక్‌కు జిగురులాంటి తెల్లటి అవక్షేపం వచ్చి, ఇంకా వేస్తే కరిగిపోతుంది. తొందరలో ఉన్న పిల్లవాడు పరీక్షనాళికలోకి ఒక్కసారిగా ఒంపేస్తాడు. జింక్ అవక్షేపం కనబడేలోపే కరిగిపోతుంది. "అవక్షేపం రాలేదు" అని రాస్తాడు. తప్పు వాడి చేతిది కాదు, గంట కొట్టే గడియారానిది. ఫెర్రస్ సల్ఫేట్ సంగతి మరోటి. కిందటి నెల కలిపి సీసాలో ఉంచిన ద్రావణం గాలి తగిలి ఫెర్రిక్‌గా మారుతుంది. పుస్తకంలో మాసిన ఆకుపచ్చ, నాళికలో గోధుమ రంగు. పిల్లలు పుస్తకాన్ని నమ్మి కంటిని కాదనుకుంటారు, సైన్సు చదువులో అంతకన్నా చెడ్డ అలవాటు లేదు. ఆ ద్రావణాన్ని ఏ రోజుకారోజు, రెండు చుక్కల విలీన సల్ఫ్యూరిక్ ఆమ్లం వేసి కలపాలి. 100 మిల్లీలీటర్లకు 2.8 గ్రాముల ఫెర్రస్ సల్ఫేట్ స్ఫటికాలు చాలు. కాపర్ సల్ఫేట్ అయితే 2.5 గ్రాములు. 12 జతల పిల్లలు సోడియం హైడ్రాక్సైడ్‌తో ఒకసారి, అమ్మోనియం హైడ్రాక్సైడ్‌తో ఒకసారి చేసినా ఒక్కో లవణానికి 50 మిల్లీలీటర్లు దాటదు. కాబట్టి ఖర్చు అన్న మాట ఇక్కడ నిలవదు. లెడ్ నైట్రేట్ వాడినప్పుడు మాత్రం కడిగిన నీళ్లు సింకులో పోయకుండా వేరే సీసాలో పట్టించండి.

ఫిజిక్స్‌లో ఓమ్ నియమం ప్రయోగం కూడా ఇలాగే చెడుతుంది. రీడింగు రాసుకునేంతసేపూ కీ మూసే ఉంచితే తీగ వేడెక్కి నిరోధం పెరుగుతుంది, గ్రాఫు గీత వంగుతుంది. రీడింగు చూడగానే కీ తీయాలి. ఇది నోటితో చెబితే అబ్బదు, ఒకసారి గీత వంగడం చూసిన పిల్ల మాత్రం మరచిపోదు.

మా సూచన ఇది. బుధవారం చివరి రెండు పీరియడ్లు కలిపి 80 నిమిషాల బ్లాక్ చేయండి. అందులో ఒక పీరియడ్ సైన్సుల నుంచి, ఒకటి కంప్యూటర్ నుంచి. తరగతిని 23, 22 మందిగా విడదీసి, ఒక బ్యాచ్ సైన్స్ ల్యాబ్‌కు, రెండోది కంప్యూటర్ ల్యాబ్‌కు. మరుసటి వారం తారుమారు. 30 వారాల్లో ఒక్కో బ్యాచ్‌కు 15 ల్యాబ్ పూటలు, అంటే ఒక్కో సైన్సుకు సరిగ్గా 5. ఒక్కటీ మిగలదు కాబట్టి బుధవారమే అంటున్నాం. సోమవారాన్ని సెలవులు మింగుతాయి, శనివారం సగం పూటే. ఆ బ్లాక్‌ను సబ్‌స్టిట్యూషన్‌కు ముట్టుకోకూడదని ప్రిన్సిపాల్ సంతకంతో ఒక కాగితం స్టాఫ్‌రూంలో ఉండాలి. కాగితం లేకపోతే ఆగస్టు దాటేలోపు ఆ బ్లాక్ లెక్కల ఎక్స్‌ట్రా క్లాసు అవుతుంది, రాసిపెట్టుకోండి.

లెక్కల టీచర్ల మీద మాకు కోపం లేదు, ఈ సంతకాల్లో వాళ్లూ ఉన్నారు. పదో తరగతి బోర్డు పరీక్షలు ఫిబ్రవరిలో మొదలవుతాయి, ప్రీ-బోర్డులు అంతకుముందే. జూన్ నుంచి నవంబరు దాకా దసరా సెలవులు, టెస్టులు పోగా పాఠానికి దక్కేది 20 వారాలు. వారానికి 7 చొప్పున 140 పీరియడ్లు. అందుకే చాలా బడుల్లో 9వ తరగతి జనవరిలోనే పదో తరగతి పాఠాలు మొదలుపెడతారు. అప్పుడు తెగిపోయేది 9వ తరగతి చివరి అధ్యాయాలు. మధ్యబిందు సిద్ధాంతం, వృత్తంలో జ్యా ధర్మాలు, లాగరిథమ్‌లు. 9కి బోర్డు పరీక్ష లేదు కదా అని ధైర్యం. కేంద్రం నుంచి జ్యాకు గీసిన లంబం దాన్ని సమద్విఖండన చేస్తుందన్న సంగతి చేతికి రాని పిల్ల, పదిలో స్పర్శరేఖలు, చక్రీయ చతుర్భుజాల లెక్కల్లో రెండో మెట్టు దగ్గరే ఆగిపోతుంది. టీచరు వెనక్కి వెళ్లి చెప్పాలి, అందుకు పీరియడ్ కావాలి, స్క్రిప్చర్ పీరియడ్ ఖాళీగా కనిపిస్తుంది. ఈ గొలుసు అక్కడ మొదలై ఇక్కడ తేలుతుంది. 9వ తరగతి రేఖాగణితాన్ని డిసెంబరులోపు ముగించేలా అధ్యాయాల వరుస మార్చండి, తొందరగా సాగే వాణిజ్య గణితాన్ని చివరకు నెట్టండి. సగం దొంగతనం అక్కడే ఆగుతుంది.

స్క్రిప్చర్ పీరియడ్ దగ్గరకు వద్దాం. వారానికి 2, ఏడాదికి 60, అంటే 40 గంటలు. కాగితం మీద చిన్న సబ్జెక్టేమీ కాదు. ఎవరికి ఖాళీ ఉంటే వాళ్లకు ఆ పీరియడ్ అంటగట్టడం వల్లే అది చులకనైంది. మోరల్ సైన్స్ పుస్తకంలో ఒక నీతికథ, కింద ఐదు ప్రశ్నలు, ఖాళీలు పూరించుము. పదో తరగతి పిల్లలకు ఆరో తరగతి కథ. వాళ్లు బల్ల కింద కెమిస్ట్రీ రికార్డు రాసుకుంటారు, మేమైనా అదే చేసేవాళ్లం.

ముందు చట్టం సంగతి స్పష్టంగా ఉండాలి. మీ బడిని మీ ఇష్టప్రకారం నడుపుకునే హక్కు రాజ్యాంగం 30(1) ఇచ్చింది. అదే రాజ్యాంగం 28(3)లో, ప్రభుత్వ గుర్తింపు లేదా సహాయం ఉన్న బడిలో మతబోధలో పాల్గొనాలంటే విద్యార్థి సమ్మతి, మైనర్ అయితే సంరక్షకుడి సమ్మతి ఉండాలని చెప్పింది. అడ్మిషన్ ఫారం చివర చిన్నక్షరాల్లో ఇరికించిన వాక్యం దీనికి సరిపోతుందని ధీమాగా ఉండకండి. ఏటా జూన్‌లో ఒక వేరే కాగితం ఇవ్వండి. మతబోధ తరగతి, సాధారణ విలువల తరగతి, రెండింటిలో ఏది కావాలో టిక్కు పెట్టి సంతకం చేయమనండి. రెండూ ఒకే సమయంలో, రెండు గదుల్లో, ఇద్దరు టీచర్లతో జరగాలి. ఒకే గదిలో "మీరు వెనక కూర్చోండి" అనడం ఎవరికీ గౌరవం కాదు.

ఇక ఏం చెప్పాలి. మా మాట వింటే ఆ 60లో 20 పీరియడ్లు క్రైస్తవం ఈ నేల భాషలకు ఏం చేసిందన్న చరిత్రకు ఇవ్వండి. ఇది మతబోధ కాదు, రెండు గదుల పిల్లలూ కలిసి వినవచ్చు. ఐసీఎస్‌ఈ చరిత్రకూ 20 మార్కుల ఇంటర్నల్ ప్రాజెక్టు ఉంది, దానికి ఇంటర్నెట్ నుంచి తాజ్‌మహల్ బొమ్మలు దించి అంటించడం కన్నా ఇది మేలు. సామగ్రి అంతా మీ వీధుల్లోనే ఉంది. ఎం.జి. రోడ్డులో విగ్రహంగా నిలబడ్డ ఫెర్డినాండ్ కిట్టెల్ 1894లో మంగళూరు బాసెల్ మిషన్ ద్వారా కన్నడ-ఇంగ్లిష్ నిఘంటువు తెచ్చాడు, దాదాపు 70,000 మాటలతో. అదే మిషన్‌కు చెందిన హెర్మన్ మోగ్లింగ్ 1843లో తొలి కన్నడ పత్రిక నడిపాడు. అవెన్యూ రోడ్డులో రైస్ మెమోరియల్ చర్చి ఉంది. ఆ చర్చికి పేరైన మిషనరీ రైస్ కొడుకు బెంజమిన్ లూయిస్ రైస్ బెంగళూరులోనే 1837లో పుట్టి, మైసూరు రాజ్యపు శాసనాలను సేకరించి అచ్చువేయించాడు. బైబిల్ సొసైటీ కేంద్ర కార్యాలయం ఈ ఊళ్లోనే. మిల్లర్స్ రోడ్డులో 1910 నాటి యునైటెడ్ థియలాజికల్ కాలేజీ, దాని పాత రికార్డుల భాండాగారం ఉన్నాయి. ముందుగా ఉత్తరం రాసి అనుమతి తీసుకుని పదేసి మందిని పంపవచ్చు.

తెలుగు పిల్లలకు చెప్పేది కూడా తక్కువేం లేదు. జర్మన్ మిషనరీ బెంజమిన్ షుల్జ్ 18వ శతాబ్దం తొలి సగంలోనే బైబిల్‌ను తెలుగు చేశాడు, అది అచ్చు ముఖం చూడలేదు. విశాఖపట్నం మిషనరీలు తెలుగు చేసిన సువార్తలు కలకత్తా దగ్గరి సీరాంపూర్‌లో అచ్చయ్యాయి. 1812 మార్చిలో ఆ ముద్రణాలయం తగలబడి అచ్చు దిమ్మలు కరిగిపోయాయి. అయినా 1818 నాటికి తెలుగు కొత్త నిబంధన బయటికొచ్చింది. సి.పి. బ్రౌన్ మిషనరీ కాడు, పాదిరి కొడుకు. ఆయన తెలుగు-ఇంగ్లిష్ నిఘంటువు 1852 నాటిది. కేంద్ర సాహిత్య అకాడమీ 1964లో జాషువాకు పురస్కారం ఇచ్చింది "క్రీస్తు చరిత్ర" కావ్యానికే. క్రైస్తవ బడిలో పదేళ్లు చదివిన తెలుగు పిల్లకు ఈ చివరి సంగతి తెలియకుండా పోవడం మాకు మింగుడుపడదు.

ఆ మాట మీదే తెలుగు దగ్గరకు వస్తున్నాం. కె.ఆర్. పురం, వైట్‌ఫీల్డ్, మారతహళ్లి, ఎలక్ట్రానిక్ సిటీ వైపు బడుల్లో సెక్షన్‌కు ఎందరు తెలుగు పిల్లలో హాజరు పట్టీ చూస్తేనే తెలుస్తుంది. వీళ్లకు ఇంగ్లిష్, కన్నడం, హిందీ వస్తాయి. ఆదివారం తెలుగు ఆరాధనలో పాట మాత్రం తెర మీద ఇంగ్లిష్ అక్షరాల్లో వేస్తే తప్ప పాడలేరు. ఆ అక్షరాల్లో కల, కళ, కాల అన్నీ ఒకేలా కనిపిస్తాయి. భావం ఎలా తెలియాలి?

కన్నడాన్ని తగ్గించమని ఎవరూ అనుకోవద్దు. 2015 కన్నడ భాషా అధ్యయన చట్టం దాన్ని ఒకటో తరగతి నుంచి దశలవారీగా తప్పనిసరి చేసింది, ఈ ఊళ్లో బతికేవాళ్లకు అది రావాలి కూడా. పైగా కన్నడం వచ్చిన పిల్లకు తెలుగు లిపి పెద్ద పనేమీ కాదు. గ, ద, న, బ, మ, ల లాంటివి దాదాపు ఒకటే. క, త, శ, హ దగ్గర చేయి తడబడుతుంది, తలకట్టు గీసే తీరు వేరు. ఎక్కువ తప్పులు ఏత్వ, ఓత్వాల్లో వస్తాయి. కన్నడంలో దీర్ఘానికి పక్కన విడిగా ఒక గుర్తు ఉంటుంది, తెలుగులో పైన చిన్న మలుపే తేడా. అందుకే "చెల్లి", "చేపలు" మాటల్లో మొదటి అక్షరం ఒకేలా రాస్తారు. మాటల్లో ఒక సూత్రం చెబితే సగం నిఘంటువు తెరుచుకుంటుంది. కన్నడ హకారానికి తెలుగులో చాలాచోట్ల పకారం. హాలు పాలు, హులి పులి, హణ్ణు పండు. కొన్ని మాత్రం బోల్తా కొట్టిస్తాయి, అక్కడ ఊట అంటే భోజనం, ఇక్కడ చెలమలో ఊరే నీళ్లు.

టైంటేబుల్‌లో ఇలా పెట్టండి. ఐసీఎస్‌ఈలో రెండో భాష, కంప్యూటర్ లాంటి ఎంపికలు 9వ తరగతి రిజిస్ట్రేషన్‌తో ఖరారవుతాయి, మూడో భాష 8తో ముగుస్తుంది. కాబట్టి తెలుగుకు చోటు 6, 7, 8 తరగతుల మూడో భాషలోనే, హిందీకి ప్రత్యామ్నాయంగా. ఇది చాలా బడుల్లో మొదలై ఆగిపోయింది, కారణం ఒక్కటే. 6-ఎ, 6-బి, 6-సి సెక్షన్లకు మూడో భాష వేర్వేరు సమయాల్లో పెడతారు, ఒకే హిందీ టీచరు మూడు చోట్లా చెప్పాలి కనుక. అప్పుడు తెలుగు పిల్లలు సెక్షన్‌కు ఆరేడుగురు చొప్పున వేర్వేరు వేళల్లో బయటికి రావాలి, ఒక్క తెలుగు టీచరు మూడింతలు పనిచేయాలి. మూడు సెక్షన్లకూ ఒకే గంట కేటాయిస్తే ఇరవైమంది ఒక గదిలో కూర్చుంటారు. హిందీకి ఆ గంటలో ఇద్దరు టీచర్లు కావాలి, మూడు సెక్షన్లను రెండు గుంపులుగా సర్దుకోవచ్చు. తరగతికి వారానికి 4 చొప్పున తెలుగు టీచరుకు 12 పీరియడ్లు అవుతాయి, మిగతా సమయం లైబ్రరీ అప్పగించండి. ఎం.ఏ. తెలుగు, బి.ఇడి. ఉన్నవాళ్లు ఈ ఊళ్లో దొరకరన్నది అపోహ. పార్ట్‌టైం జీతానికి, ఏడాదికోసారి ఊడే ఉద్యోగానికి దొరకరు, అంతే.

మొదటి ఆరు వారాలు లిపి. ఆపై దసరా దాకా ఒత్తులు, గుణింతాల చదువు. ఆరో తరగతి చివరికి పిల్ల ఒక పాటనో, కీర్తననో తెలుగు అక్షరాల్లో చూసి తడుముకోకుండా చదవాలి. అంతకుమించి మొదటి ఏడు ఆశించకండి. వ్యాకరణం, ఛందస్సు అంటూ మొదటి నెలలోనే మొదలుపెట్టే టీచర్లున్నారు, వాళ్లను కాస్త ఆపండి.

క్రిస్మస్ రిహార్సళ్ల గురించి ఒక్క మాట. నవంబరు మధ్య నుంచి డిసెంబరు 20 దాకా చివరి రెండు పీరియడ్లు కరిగిపోతాయి. క్యారల్స్ (క్రిస్మస్ పాటలు) సాధన జూలై నుంచే సంగీతం పీరియడ్‌లో మొదలుపెట్టండి, నాటిక రాయించే పని ఇంగ్లిష్, తెలుగు తరగతులకు ఇవ్వండి. అప్పుడు ఐదు వారాలు కాస్తా రెండు వారాలవుతాయి. ఆటల పీరియడ్ జోలికి మాత్రం ఎవరూ పోవద్దు. పీరియడ్లకు ఎంత కటకట వచ్చినా సరే.

టైంటేబుల్ చిత్తుప్రతి ఏప్రిల్ చివరికి తయారవుతుంది. దాన్ని అచ్చుకిచ్చే ముందు ఒక శనివారం మధ్యాహ్నం మాలో ముగ్గురిని పిలవండి, కిందటి ఏడాది సబ్‌స్టిట్యూషన్ చీటీలు కూడా బయట పెట్టండి. రెండు గంటల పని. టీ మీది, రంగు పెన్సిళ్లు మేం తెస్తాం.

ఇట్లు,
బెంగళూరులోని కొందరు తెలుగు ఉపాధ్యాయులు, విశ్రాంత ఉపాధ్యాయులు